పగడయ్య మగపుట్టుక

అనగనగా ఒక సముద్రం. ఎంత పెద్ద సముద్రమంటే, విశాఖపట్నంలో ఉమాపతి గారింటి హాల్లో సోఫాకూ టీవీకీ మధ్య సరిగ్గా పట్టేంత. నాలుగు వైపులా గాజు గోడలు. పైన దీపం. అడుగున ఇసుక. మధ్యలో గుట్టగా పేర్చిన రాళ్ళు, రాళ్ళకు సందులు, సందుల్లో నాచు. అసలు సముద్రం ఆ ఇంటి డాబా మీదికెక్కితే కనిపిస్తుంది. అయినా ఉమాపతి గారికి ఇంట్లో కూడా ఒకటి ఉండాలని సరదా పుట్టింది. "ఎదురుగా అంత సముద్రం పెట్టుకుని, ఉప్పు కొనుక్కొచ్చి నీళ్ళలో కలుపుకోవడం ఏమిటండీ?" అని ఆయన భార్య హైమావతి గారు ఇప్పటికీ అడుగుతూ ఉంటుంది.

చేపలకు ఉమాపతి గారు పూర్తిగా ఎప్పుడూ కనిపించలేదు. గాజు అవతల మసకగా ఏదో తిరుగుతుంది. దగ్గరగా తెలిసింది మాత్రం మూత తీసి మేత చల్లే చెయ్యి ఒక్కటే. అందుకని అవి ఆయన్ని పెద్దచెయ్యి అని పిలుచుకునేవి.

ఆ నీళ్ళలో ఒక ఏంజెల్ చేపల కుటుంబం కాపురముండేది. అరచేతిలో పట్టేంత చేపలు. ఒళ్ళంతా నిప్పు రంగు, దాని మీద నల్లని నిలువు చారలు. ఇంటి పెద్ద పేరు పగడయ్య. అతడికి ముగ్గురు పెళ్ళాలు. పెద్దది కుంకుమ, నడిమిది చేమంతి, చిన్నది గోరింట. పగడయ్య రెక్కల చివర వెడల్పాటి నీలం అంచు ఉండేది. పట్టుపంచె అంచులా మెరిసేది. అంత అంచు ఆ ఇంట్లో ఇంకెవరికీ లేదు. అందుకే పగడయ్య ఎప్పుడూ రెక్కలు విప్పుకునే తిరిగేవాడు. ఇరుకు సందుల్లో కూడా ముడిచేవాడు కాదు. గీసుకుపోయినా ఓర్చుకునేవాడు.

ఆ ఇంటికి ఒక ఆచారం ఉంది. సందెవేళ తెల్లదీపం ఆరి నీలిదీపం వెలగగానే, ఇంటి పెద్ద బయల్దేరి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళాలి. రెక్కలు విప్పి, చుట్టూ ఒకసారి తిరిగి, ముక్కుతో మెల్లగా తట్టాలి. 'నేనున్నాను' అని దాని అర్థం. అవతలివాళ్ళు తల వంచి 'మేమూ ఉన్నాం' అనాలి. దాన్ని సందె పలకరింపు అంటారు. అది జరిగితే గానీ ఆ ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకు రాదు.

పగడయ్య పలకరింపు చేసేవాడు గానీ ఊరేగింపులా చేసేవాడు. మెల్లగా తట్టమంటే గట్టిగా పొడిచేవాడు. పొడిచి, "మగపుట్టుక పుట్టడం అంటే మాటలా! ఏ జన్మలో చేసుకున్న పుణ్యమో!" అని నిట్టూర్చేవాడు. పెళ్ళాలు ముగ్గురూ తల వంచేవాళ్ళు. వంచిన తలలు ఒకదానినొకటి చూసుకునేవి.

రాళ్ళగుట్ట మొదట్లో ఒక రొయ్య ఉండేది. ఎర్రచారల ముసలి రొయ్య. దాని పేరు మీసాలమ్మ. ఆమె పని ఒళ్ళు శుభ్రం చేయడం. చేపలు వచ్చి ఆమె ముందు కదలకుండా నిలబడతాయి. ఆమె ఎక్కి, రెక్కల కిందా మొప్పల సందుల్లోనూ వెతికి, మురికీ పురుగూ ఏరి పారేస్తుంది. పనికి కూలి ఆ పురుగులే. అందరి ఒంటి సంగతులూ తెలిసినావిడ గనక ఇంటి సంగతులు కూడా ఆవిడకు తెలిసేవి.

ఒక ఉదయం పగడయ్య ఆమె దగ్గర ఒళ్ళు శుభ్రం చేయించుకుంటున్నాడు. ఊరికే చేయించుకోవచ్చు కదా! నోరు ఊరుకోలేదు.

"మీసాలమ్మా, ఆ అంచు దగ్గర జాగ్రత్త. మగపుట్టుకతో వచ్చిన అంచు అది. ఆడవాళ్ళ ఒళ్ళు తోమినట్టు తోమకు," అన్నాడు.

మీసాలమ్మ పని ఆపింది. మీసాలు రెండూ పైకి లేపింది. "ఏటోయ్ పగడయ్యా, ఏ పుట్టుక పుట్టినానన్నావు?"

"మగపుట్టుక."

మీసాలమ్మ నవ్వింది. నవ్వీ నవ్వీ రాయి మీంచి జారి ఇసకలో పడింది. మళ్ళీ ఎక్కి వచ్చి చెప్పింది. "నీ పుట్టుక నాకు తెల్దనుకున్నావేటి? నువ్వీ నీళ్ళలోకి వొచ్చిన్నాడు గోరింటంత కూడా నేవు. అప్పుడు నీ పేరు పగడమ్మ. అప్పుడీ ఇంటికి పెద్ద జాజయ్య. ఆడు పోయినాడు. మిగిలినోల్లలో నువ్వే పెద్దదానివి. సూస్తండగానే అంచొచ్చింది, పగడయ్యవైపోనావు. మీ జాతిలో మగపుట్టుక ఎక్కడిదిరా నాయనా? అందరూ పుట్టేది ఆడపిల్లలే. ఇంటికి మగోడు నేకపోతే, ఉన్నోల్లలో పెద్దది మగోడవుద్ది. మీ జాజయ్య కూడా మొదట జాజమ్మే."

పిల్లలూ, నవ్వకండి. మీసాలమ్మ అబద్ధం చెప్పలేదు. ఆ చేపల జాతి పద్ధతే అది.

పగడయ్య ఎర్రటి మొహం ఇంకా ఎర్రబడింది. "అది నేను కాదు. అది మా అక్క," అన్నాడు.

"మరి మీ యక్కేది?"

"ఊరెళ్ళింది."

"ఏ ఊరు? ఈ గాజు దాటి ఇంకో ఊరుందేటి?"

పక్కనే ఒక క్లౌన్ చేప తన ఇంటి ముందు తచ్చాడుతోంది. అది నారింజ రంగు ఒంటి మీద తెల్లపట్టీలున్న సాదాసీదా మనిషి. అంటే చేప. అది తలదూర్చి, "మాలో ఇది తలకిందులండీ. మేమంతా మగపిల్లలుగానే పుడతాం. ఇంటావిడ పోతే ఇంటాయనే ఇంటావిడవుతాడు. రేపు మా ఆవిడకేమైనా అయితే నేనే ఇంటావిడని. మాకెప్పుడూ దీని మీద గొడవ రాలేదు," అంది.

"నిన్నెవరడిగారు?" అన్నాడు పగడయ్య. తర్వాత మీసాలమ్మ వైపు తిరిగి, "నువ్వు రొయ్యవి. నీకేం తెలుసు మగతనం గురించి?" అన్నాడు.

"నాకు తెల్దా?" అంది మీసాలమ్మ, మీసాలు దువ్వుకుంటూ. "బారెడు మీసాలు నాకూ ఉన్నాయి. మరి నేనేటంటావు?"

"ఇక ఈ గడప తొక్కను. నా ఒంటి మీద నీ కాలు పడనివ్వను," అని పగడయ్య విసవిసా వెళ్ళిపోయాడు. ఇది గుర్తుంచుకోండి. ఆ మాట అన్నందుకే తర్వాత జరిగిందంతా జరిగింది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ రోజు నుంచి పగడయ్య ఇంట్లో మరీ రెచ్చిపోయాడు. నోరు తెరిస్తే మగపుట్టుకే.

చేమంతి వచ్చి, "ఏమండీ, ఆ నున్నటి రాయి మీద లేతనాచు మొలిచింది. ఈ ఒక్కరోజు నేను ముందు తిననా? ఆకలిగా ఉంది," అంది.

"మగవాడు తిన్నాక మిగిలింది ఆడవాళ్ళు తినాలి," అన్నాడు పగడయ్య. రాయి అంతా గీకి తిన్నాడు. కడుపు పట్టక రెండుసార్లు తేన్చాడు గానీ మిగల్చలేదు.

గోరింట వచ్చింది. "ఏమండీ, మీ పెద్దసందులో ఒక మూల పడుకోనా? బయట పంపు నీళ్ళు కొట్టేస్తుంటే రాత్రంతా దొర్లిపోతున్నాను," అంది.

"మగవాడి సందులో ఆడదానికి చోటా? దొర్లితే దొర్లు. ఒళ్ళు వంగుతుంది," అన్నాడు పగడయ్య.

చివరికి కుంకుమ వచ్చింది. ఆమె తన కోసం ఏమీ అడగలేదు. "ఏమండీ, మీ పైరెక్క మీద తెల్లగా పొక్కు లేచింది. పెరుగుతోంది. పంతం పక్కన పెట్టి మీసాలమ్మ దగ్గరికి వెళ్ళండి," అంది.

పగడయ్య తిరిగి చూసుకున్నాడు. నిజమే. అంచు మీద తెల్లగా, గుండ్రంగా ఏదో ఉంది. దురద కూడా పెడుతోంది. ఒక్క క్షణం భయం వేసింది. కానీ మీసాలమ్మ దగ్గరికి వెళ్ళాలంటే 'అక్క ఊరి నుంచి వచ్చిందేటి?' అని అడుగుతుంది కదా. ఆ మాట తలుచుకుంటేనే ఒళ్ళు మండింది.

"పొక్కు కాదది. ముత్యం. మగవాళ్ళకు వయసొస్తే ముత్యం మొలుస్తుంది. ఆడపుట్టుక పుట్టినదానివి, నీకేం తెలుసు?" అన్నాడు.

"మాకు తెలిసినంతవరకు ముత్యం దురద పెట్టదండీ," అంది కుంకుమ.

"పెడుతుంది!" అని అరిచి, పగడయ్య అటు వెళ్ళి ఎవరూ చూడకుండా రాయికి వీపు రుద్దుకున్నాడు.

ముత్యం పెరిగింది. పక్కన ఇంకో ముత్యం మొలిచింది. తర్వాత మూడోది. మూడూ కలిసి చిన్న కాలీఫ్లవర్ అయ్యాయి. ఈదుతుంటే ఒళ్ళు ఒక పక్కకు ఒరిగిపోయేది. అప్పుడు పైన మూత తెరుచుకుంది. పెద్దచెయ్యి వలబుట్టతో దిగింది. పగడయ్య రాళ్ళలోకి దూరబోయాడు. కాలీఫ్లవర్ సందుకు అడ్డం పడింది. చూస్తుండగానే పగడయ్య నీళ్ళలోంచి మాయమయ్యాడు.

వంటింటి వెనక బాల్కనీలో, వాషింగ్ మెషీన్ పక్కన ఒక చిన్న తొట్టి ఉంది. ఉమాపతి గారు జబ్బు చేపల్ని అందులో పెడతారు. రాళ్ళు లేవు, నాచు లేదు. దాక్కోవడానికి ఒక ప్లాస్టిక్ గొట్టం ముక్క ఉంది, అంతే. పెద్దచెయ్యి పగడయ్యను తడిగుడ్డలో పట్టుకుని, పొక్కులు కోసేసి, మందు రాసి అందులో వదిలింది. రెక్క మీద ముత్యాలున్న చోట చిల్లు మిగిలింది.

చింత చచ్చినా పులుపు చావలేదు. వాషింగ్ మెషీన్ గడగడా తిరిగితే నీళ్ళు వణికేవి. "చూశావా, నన్ను చూసి ఆ రాక్షసి ఎలా వణుకుతోందో!" అని పగడయ్య గొట్టంతో చెప్పేవాడు. గొట్టం ఏమీ అనేది కాదు.

సందెవేళ అయ్యింది. అలవాటు ప్రాణానికి పగడయ్య రెక్కలు విప్పాడు. గొట్టం చుట్టూ ఒకసారి తిరిగాడు. ముక్కుతో తట్టాడు. "నేనున్నాను," అన్నాడు. గొట్టం తల వంచలేదు. దానికి తల లేదు. పగడయ్య కాసేపు ఎదురుచూసి, మళ్ళీ తట్టాడు. తర్వాత గొట్టంలో దూరి పడుకున్నాడు. నిద్ర రాలేదు. ఈ నీళ్ళలో ఉప్పు తక్కువైంది, అందుకే నిద్ర రావడం లేదు అనుకున్నాడు. ప్రతి సందెకూ ఇదే వరస. చాలా వారాలు గడిచాయి. పగడయ్య సగానికి సగం చిక్కిపోయాడు. అక్కడ పెళ్ళాలు ముగ్గురూ తన కోసం ఏడ్చి ఏడ్చి ఉంటారని తలుచుకుంటూ రోజులు నెట్టాడు.

రెక్క మీద పుండు మానింది గానీ చిల్లు పూడలేదు. ఒక ఉదయం పెద్దచెయ్యి అతణ్ణి నీళ్ళ సంచిలో వేసి, మూతి కట్టి, తీసుకెళ్ళి హాల్లో సముద్రం మీద తేలేసింది. కొత్త నీళ్ళ వేడికి ఒళ్ళు అలవాటు పడేదాకా అలా కాసేపు సంచిలోనే ఉంచుతారు. పగడయ్యకు అది పల్లకీలా అనిపించింది. కింద తన ఇల్లు, తన రాళ్ళు, తన నాచు. గొంతు సవరించుకున్నాడు.

"ఏడవకండి! వచ్చేశాను! మీ తప్పులన్నీ క్షమించాను!" అని సంచిలోంచి ప్రకటించాడు.

కిందనుంచి ఒక పెద్ద చేప నిదానంగా పైకి వచ్చింది. ఒళ్ళు నిగనిగలాడుతోంది. రెక్కల చివర వెడల్పాటి నీలం అంచు. పగడయ్య అంచు కంటే వెడల్పు.

"ఎవడ్రా నువ్వు? నా ఇంట్లో నీకేం పని?" అని పగడయ్య సంచిని గుద్దాడు. సంచి ఊగింది. అతడు తలకిందులయ్యాడు.

"నేనేనండీ, కుంకుమని," అంది ఆ చేప.

పగడయ్య తలకిందులుగానే చూశాడు. అవే కళ్ళు. కంటి పక్కన అదే చార. "కుంకుమా! ఆ అంచేమిటే?"

"వచ్చింది."

"ఎలా వచ్చింది?"

"మీ అక్కకు వచ్చినట్టే," అని కింద నుంచి చేమంతి అందుకుంది. "ఇప్పుడు ఆయన కుంకుమయ్య. ఈ ఇంటికి పెద్ద ఆయనే. కాస్త మర్యాదగా మాట్లాడు."

నిన్నటిదాకా ఏమండీ అన్న నోరు ఇవాళ నువ్వంటోంది. ఓడలు బళ్ళవడం, బళ్ళు ఓడలవడం అంటే ఇదే. పగడయ్య గిలగిలా కొట్టుకుని మళ్ళీ నిటారుగా తిరిగాడు. ఇంతలో పెద్దచెయ్యి సంచి మూతి విప్పి అతణ్ణి నీళ్ళలోకి వదిలేసింది.

ఇప్పుడు అసలు చిక్కు వినండి. ఆ జాతిలో ఒక ఇంట్లో ఇద్దరు మగవాళ్ళు ఇమడరు. పెద్ద సముద్రంలో అయితే ఓడినవాడు ఇంకో రాళ్ళగుట్ట వెతుక్కుని పోతాడు. ఈ సముద్రం సోఫా దగ్గర మొదలై టీవీ దగ్గర అయిపోతుంది. ఓడినవాడు ఎక్కడికి పోతాడు? మూలలో నక్కి, తిండి లేక చావాలి. అలా కొన్నాళ్ళ కిందట ఒక చేప చచ్చిపోవడం మీసాలమ్మ కళ్ళారా చూసింది.

"పగడయ్యా, ఒద్దు నాయనా, తల వొంచీ!" అని ఆమె కేక పెట్టింది.

పగడయ్య వినలేదు. మేకపోతు గాంభీర్యంతో రెక్కలు విప్పాడు. పైరెక్క మీద చిల్లులోంచి అవతల ఉన్న టీవీ కనిపించింది. గోరింట కిసుక్కున నవ్వి నోరు మూసుకుంది. పగడయ్య దూసుకెళ్ళి కుంకుమయ్యను గుద్దాడు. కుంకుమయ్య కదల్లేదు. గుద్దినవాడే వెనక్కి పోయి ఇసుకలో కూర్చున్నాడు. అప్పుడు కుంకుమయ్య కదిలాడు. అంతే, పగడయ్య పరుగు లంకించుకున్నాడు. రాళ్ళగుట్ట చుట్టూ తిరిగాడు. క్లౌన్ చేప ఇంట్లోంచి దూసుకుపోయాడు. ఆ ఇంటావిడ తిట్టిన తిట్లు వినే తీరిక కూడా లేకపోయింది. చివరికి పంపు గొట్టం వెనక ఇరుకు మూలలో ఇరుక్కుని, ఊపిరి బిగబట్టి నక్కాడు. అంచు మూడు చోట్ల చిరిగింది.

మేత పడింది. బయటికి తల పెట్టాడు. కుంకుమయ్య చూశాడు. తల లోపలికి పెట్టాడు. మర్నాడూ అదే, ఆ మర్నాడూ అదే. కడుపు వీపుకు అంటుకుపోయింది. కుడితిలో పడ్డ ఎలుకలా అయింది పగడయ్య బతుకు. ఇంకొన్నాళ్ళు ఇలాగే గడిస్తే చచ్చిపోతానని అతడికి అర్థమైపోయింది.

మీసాలమ్మ మెల్లగా గొట్టం పట్టుకుని పాకుతూ వచ్చింది. పిలవకుండానే చిరిగిన రెక్క శుభ్రం చేయడం మొదలుపెట్టింది. ఈసారి పగడయ్య వద్దనలేదు.

"నా ఇల్లు లాక్కుంది," అన్నాడు ఏడుపు గొంతుతో. "నేను అటు వెళ్ళగానే అంచు పెంచుకుని నా పెద్దరికం లాక్కుంది."

"సూడు నాయనా, నేనిక్కడే ఉన్నాను. అంతా నా కళ్ళ ముందే జరిగింది," అంది మీసాలమ్మ. "నువ్వు పోయిన్నాడు నీలిదీపం వెలిగింది. పలకరింపుకి ఎవులూ రానేదు. గోరింట ఆ రాతిమొదట్లో ఎదురుసూస్తా కూకుంది. దీపం ఆరినా అక్కడే ఉంది. మర్నాడూ ఎవులూ రానేదు. చేమంతి మేత ముట్టనేదు. మూడోనాడు కుంకుమ సూడనేక తనే లేసి బయల్దేరింది. ఒకొక్కర్నీ తట్టి, నేనున్నానర్రా అంది. ఆ రాత్రికి అందరికీ నిద్దరట్టింది. అలా రోజూ ఆ పని సేసీ సేసీ అంచొచ్చింది గానీ, అంచొచ్చినాక పని మొదలెట్టనేదు."

పగడయ్యకు గొట్టం ముక్కను తట్టి ఎదురుచూసిన సందెవేళలు గుర్తొచ్చాయి. నిద్ర రాకపోవడానికి ఉప్పు కారణం కాదని ఇప్పుడు తెలిసింది. అంతకంటే వెనకటిది కూడా ఒకటి గుర్తొచ్చింది. వేలెడంత చిన్నపిల్లగా ఉన్నప్పుడు, జాజయ్య పొడిస్తే మొప్ప కందిపోయి, ఇదే మూలలో, ఇదే గొట్టం వెనక దాక్కుని ఏడ్చిన రోజు. 'నాకే పెద్దరికం వస్తే ఎవరినీ ఇలా పొడవను' అని ఆ రోజు ఒట్టు పెట్టుకున్న సంగతి. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"మీసాలమ్మా," అన్నాడు చివరికి.

"సెప్పు."

"అది మా అక్క కాదు. నేనే."

"తెల్సులేరా," అంది మీసాలమ్మ.

"ఇప్పుడు బయటికెళ్ళి తల వంచితే చేమంతి నవ్వుతుంది. గోరింట నవ్వుతుంది."

"నవ్వుతారు. నవ్వితే రెక్క ఊడిపోద్దేటి? ఇక్కడే కూకుంటే మాత్రం పేణం పోద్ది. ఏది కావాలో నువ్వే తేల్చుకో."

పగడయ్య తేల్చుకోవడానికి ఒక పూట పట్టింది. అంత పంతం మరి. నీలిదీపం వెలిగింది. కుంకుమయ్య పలకరింపుకు బయల్దేరాడు. చేమంతిని తట్టాడు, గోరింటను తట్టాడు. అప్పుడు గొట్టం వెనకనుంచి పగడయ్య బయటికి వచ్చాడు. రెక్కలు ముడిచాడు. పుట్టి పెరిగాక అంత గట్టిగా ఎప్పుడూ ముడవలేదు. కుంకుమయ్య ఎదురుగా వెళ్ళి, ఒళ్ళు ఒక పక్కకు వంచి, తల దించాడు. ఇప్పుడు కుంకుమయ్య ఒక్క పోటు పొడిస్తే ప్రాణం పోతుంది.

"పొడవండి!" అంది చేమంతి. "మన నోటికాడ నాచు మింగినవాడు. పొడిచి, ఆ మూలలోకే తోలండి."

కుంకుమయ్య పగడయ్యను ఎగాదిగా చూశాడు. "నాకూ కసి లేదని అబద్ధం చెప్పను. మొన్న రాళ్ళగుట్ట చుట్టూ పరిగెత్తించినప్పుడు కొంచెం తీర్చుకున్నాను. ఆ చివరి చుట్టు అవసరం లేదు, అయినా తిప్పాను," అన్నాడు. తర్వాత చేమంతి వైపు తిరిగాడు. "చేమంతీ, నాకేదైనా అయితే ఈ అంచు నీకు వస్తుంది. నీ తర్వాత గోరింటకు వస్తుంది. ఇవాళ మనం ఇతణ్ణి మూలలోకి తోలితే, రేపు అదే మూలలో మనలో ఎవరుంటామో ఎవరికి తెలుసు? ఉన్నది ఒక్క మూలేనే ఈ ఇంట్లో."

చేమంతి మూతి ముడుచుకుంది గానీ ఇంకేమీ అనలేదు.

కుంకుమయ్య పగడయ్య చుట్టూ ఒకసారి తిరిగాడు. ముక్కుతో తట్టాడు. మెల్లగానే తట్టాడు. "నేనున్నాను," అన్నాడు.

పగడయ్య తల ఇంకా కిందికి వంచాడు. "నేనూ ఉన్నానండీ," అంది పగడమ్మ.

అవును పిల్లలూ, ఇక మనం కూడా పగడమ్మ అనే అనాలి. వారాలు గడిచేకొద్దీ నీలం అంచు సన్నబడి, సన్నబడి, దారమంత అయ్యింది. ఆ ఇంట్లో ఇప్పుడు అందరికంటే చిన్న పెళ్ళాం పగడమ్మే. గోరింటకు పట్టరాని సంతోషం. ఇన్నాళ్ళకు తనకంటే చిన్నది ఒకతె దొరికింది. "చెల్లీ, అది అలా గీకకూడదు. చెల్లీ, ఇటు నేను పడుకుంటాను, అటు నువ్వు. చెల్లీ, అంత గట్టిగా గురక పెట్టకు," అని పొద్దస్తమానం పెత్తనం చేసేది. పగడమ్మకు ఒక్కోసారి ఒళ్ళు మండేది. మీసాలమ్మ దగ్గరికి వెళ్ళి గోడు వెళ్ళబోసుకునేది. మీసాలమ్మ మొప్పలు శుభ్రం చేస్తూ, "పడు. కొన్నాళ్ళు పడాల," అనేది. అయినా పగడమ్మ ఒళ్ళు చేసింది, కడుపునిండా తినేది, రాత్రిళ్ళు ఒళ్ళెరక్కుండా నిద్రపోయేది.

ఒకరోజు ఉమాపతి గారింటికి ఆయన తోడల్లుడు సూర్యారావు గారు వచ్చారు. కాఫీ గ్లాసు పట్టుకుని గాజు ముందు నిలబడ్డారు.

"అన్నయ్యగారూ, భలే ఉన్నాయండీ! ఇందులో మగదేది?" అని అడిగారు.

ఉమాపతి గారికి తెలియదని ఒప్పుకోవడం అలవాటు లేదు. తోడల్లుడి ముందు అసలే లేదు. ఆయన వేలు సూటిగా వచ్చి గాజు మీద, పగడమ్మ ముఖం ఎదురుగా ఆనింది. "ఇదిగో, ఇదే! ఆ దర్జా చూడండి. పుట్టుకతోనే మగది. వీటన్నిటికీ రాజు!"

మనుషుల మాట చేపలకు బాగానే అర్థమవుతుంది. చేమంతి నములుతున్న నాచు వదిలేసింది. గోరింట సందులోంచి తల బయటపెట్టింది. కుంకుమయ్య తిరిగి చూశాడు, అతడి రెక్కలు మెల్లగా విచ్చుకుంటున్నాయి. పగడమ్మకు ఒంట్లో పాత పులకరింత లేచింది. రెక్కలు వాటంతటవే విప్పుకోబోయాయి. రాజు! పుట్టుకతోనే! ఎన్నాళ్ళకు విన్నది ఆ మాట! ఒక్కసారి, ఒక్కసారి రెక్క విప్పితే ఏం పోయింది?

విప్పితే మళ్ళీ పోట్లాటే. ఇద్దరిలో ఒకరు మిగలరు. అది ఆమెకు తెలుసు. కానీ ఆమెను ఆపింది ఆ భయం కాదు. ఆ మాట అబద్ధమని ఇప్పుడు ఆమెకు తెలుసు, అందుకని ఆగింది.

పగడమ్మ రెక్కలు ముడుచుకుంది. "ఆయన అటున్నారండీ," అని వేలికి మర్యాదగా చెప్పి, పక్కకు తప్పుకుంది.

వేలు మాత్రం అక్కడే ఉండిపోయింది. దాని ముందు ఇప్పుడు నాచు పట్టిన రాయి ఒక్కటే ఉంది.

సూర్యారావు గారు వంగి, కళ్ళజోడు సవరించుకుని, ఆ రాయిని పరీక్షగా చూశారు. "నిజమేనండోయ్," అన్నారు. "ఏం దర్జా! అసలు కదలడమే లేదు!"

నీతి: తానూ ఒకప్పుడు కిందనుంచి వచ్చినవాడినేనని ఒప్పుకున్నవాడు, పెద్దరికం ఉన్నా పోయినా సుఖంగా నిద్రపోతాడు.